ఇల్లు పూర్తయినట్టు కాయితం

నేను మూడో తరగతి దాకా చదివాను. పేరు రాయడం, కూడికలు, తీసివేతలు వచ్చు. అంతకు మించిన చదువు నాకు నెల్లూరు మునసబు కోర్టులో అయింది. అది ఇంకొకరికి పనికొస్తుందేమోనని రాస్తున్నాను గానీ, నన్ను చూసి జాలి పడమని కాదు.

పెళ్లిలో మా నాయన పసుపు కుంకుమల కింద నాకు వెంకటాచలం దగ్గర కొంచెం మాగాణి ఇచ్చాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొన్నేళ్లకు మా ఇంటాయనకు నెల్లూరులో బియ్యం మిల్లు గుమాస్తా పని దొరికింది. అద్దె ఇళ్లు మారీ మారీ విసిగిపోయి, ఆ మాగాణి అమ్మి, ఊరి చివర ఒక ఇల్లు కొన్నాం. నా పొలం అమ్మి కొన్నది కాబట్టి నా పేరనే రిజిస్టరు చేయించారు. నాదని చెప్పుకోవడానికి ఈ లోకంలో నాకున్నది అదొక్కటే.

మాకు ఇల్లు అమ్మిన కాంట్రాక్టరు గూడూరు అభ్రకం వ్యాపారంలో సంపాదించినవాడు. చేను కొని, వీధి వేసి, వరసగా ఇళ్లు కట్టి అమ్మేవాడు. నోరు తెరిస్తే అమ్మా, తల్లీ తప్ప ఇంకో మాట లేదు. మునిసిపాలిటీకి చూపించిన ప్లాను ప్రకారం ఇల్లు కట్టినట్టు వాళ్లు వచ్చి చూసి, కంప్లీషన్ సర్టిఫికెట్టు ఇవ్వాలి. అదుంటేనే ఇంటికి నంబరు, కొళాయి, కరెంటు. దాన్ని తెచ్చి ఇచ్చే బాధ్యత తనదేనని అమ్మకం కరారులో ఆయనే రాశాడు.

గృహప్రవేశానికి ముందు ఆ కాయితం గురించి అడిగాను.

"ఆఫీసులో ఉండాదమ్మా, సంతకమే తక్కువ," అన్నాడు. "దానికోసం ముహూర్తం పోగొట్టుకుంటారా? ఇది పోతే మళ్లా శ్రావణం దాకా లేదు."

మా అత్త ఆ మాటే పట్టుకుంది. కాయితం వచ్చినాకే పాలు పొంగిద్దామని నేనంటే, "మీ అమ్మ పంచాంగం చూసి నిన్ను కన్నదా, కాయితం చూసి కన్నదా?" అంది. పాలు పొంగించాం.

మా వైపు ఇల్లు కట్టినాయనను గృహప్రవేశం నాడు పీట మీద కూర్చోబెట్టి బట్టలు పెడతారు. ఆయన మనసు చల్లగా ఉంటే ఇల్లు కలిసొస్తుందని నమ్మకం.

"వాడకం పంచెలు చాలవా అత్తా?" అన్నాను.

"చాలవే. నీకు ఇల్లు పెద్దదా, నీ పిసినారితనం పెద్దదా?" అని, ఆమె వెంకటగిరి నుంచి జరీ అంచు పంచెల చాపు తెప్పించింది. నేను పండక్కి కూడా మా ఇంటాయనకు అలాంటిది కొనలేదు. కాంట్రాక్టరు పీట మీద కూర్చుని, బొట్టు పెట్టించుకుని, తాంబూలం అందుకున్నాడు. ఫోటో స్టూడియో మనిషిని తనే వెంటబెట్టుకొచ్చాడు. "గుర్తుగా ఉంటాదమ్మా, ఖర్చు నాదే," అన్నాడు. ఖర్చు ఆయనదే అంటే నేను కూడా ఊరుకున్నాను. పంచెల చాపు భుజాన వేసుకుని ఆయన, అటూ ఇటూ మేము. ఫోటో బాగానే వచ్చింది.

ఆ తర్వాత కాయితం అడిగినప్పుడల్లా ఆఫీసరు సెలవులో ఉండేవాడు. సెలవు అయ్యాక ఆఫీసరు మారాడు. కొత్తాయన వచ్చాక ఆయనకు కూతురి పెళ్లి. సొంత ఇంట్లో కిరసనాయిలు దీపం పెట్టుకుని, పక్క వీధి కొళాయి దగ్గర బిందెతో నిలబడేదాన్ని. అక్కడి ఆడవాళ్లు ఊరుకుంటారా?

"ఏమక్కా, మేడమ్మలు కూడా మా వరసలో నిలబడతా ఉండారే?"

"మేడ కాదులే. పెంకుటిల్లే," అనేదాన్ని.

"ఇల్లుండాది గదా. నీళ్లు లేని ఇల్లు ఎట్టా కొన్నావక్కా, చూడకుండానే?"

బిందె నింపుకుని వచ్చేదాన్ని.

ఒకరోజు నేనే మునిసిపాలిటీ ఆఫీసుకు పోయాను. బల్ల వెనకున్న గుమాస్తా పుస్తకాలు తిరగేసి, "మీ వీధికి అసలు అర్జీనే రాలేదమ్మా," అన్నాడు. అంటే సంతకం తక్కువ కాదు, కాయితమే పుట్టలేదు.

మా ఇంటాయన కోర్టు అంటే భయపడే మనిషి. "పెద్దవాళ్లతో మనకెందుకే," అన్నాడు. పొలం మా నాయనది, ఇల్లు నాది, భయపడేది మీరెందుకన్నాను. లాయరు దగ్గరికి నేనే పోయాను.

మా లాయరు ముసలాయన, మాట నెమ్మది. ముందు రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాలి, జవాబు సరిగా లేకపోతే దావా వేయాలి, కరారులో రాసిన పని చేసి తీరమని కోర్టును అడగాలి అని విడమరిచి చెప్పాడు. నోటీసుకు కాంట్రాక్టరు జవాబు తొందరగానే వచ్చింది. ఇల్లు పూర్తయిందని, మేము తృప్తిగా స్వాధీనం చేసుకుని తనను సత్కరించామని, ఇక తాను చేయాల్సింది ఏమీ లేదని అందులో రాయించాడు. సత్కారమనే మాటను మా లాయరు చేత రెండుసార్లు చదివించుకున్నాను.

దావా వేశాం. వాయిదా మీద వాయిదా పడి, చివరికి నన్ను బోనెక్కించారు. కాంట్రాక్టరు లాయరు కుర్రాడు, క్రాపు నున్నగా దువ్వుకుని వచ్చాడు. ఆ ఫోటో నా చేతికిచ్చాడు.

"ఇందులో ఉండేది మీరేనా అమ్మా?"

"నేనే."

"మా పార్టీకి పీటేసి బట్టలు పెట్టినారు. పని పూర్తయిందని పెట్టినారా, పూర్తి కాలేదని పెట్టినారా?"

"ఆచారమని పెట్టినాం."

"పని కాకపోయినా బట్టలు పెట్టే ఆచారం నెల్లూరులో ఉండాదా అమ్మా? నాకు తెలీక అడగతా ఉండా. ఉంటే నేను కూడా వస్తా."

కోర్టులో అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"గుమ్మంలోకి పిల్లి వచ్చినా పాలు పోస్తాం నాయనా. పోసినామని ఇల్లు దానిదవతాదా?" అన్నాను.

మళ్లీ నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. "అడిగినదానికి జవాబు చెప్పమ్మా," అని ఏదో రాసుకున్నారు.

తర్వాత కొలతలు చూడడానికి కోర్టు ఒక లాయరును కమీషనరుగా పంపింది. ఆయన టేపు పట్టి వీధంతా కొలిచాడు. అర్జీ ఎందుకు పెట్టలేదో అప్పుడు బయటపడింది. ప్లానులో లేని ఇల్లొకటి ఆ వరసలో ఇరికించాడు. దానికి చోటు కోసం అన్ని ఇళ్లనూ సన్నగా చేసి, ఆ తగ్గిన చోటుకు బదులు వెనక్కి పొడిగించాడు. వెనక వదలాల్సిన ఖాళీ జాగాలో మా వంటగది సగం ఉంది. అర్జీ పెడితే ఆఫీసు వాళ్లు వస్తారు, చూస్తారు, ఆయనకు జుల్మానా వేస్తారు. అందుకని మా నోట్లో మట్టి కొట్టాడు.

తీర్పు మా వైపే వచ్చిందన్నారు. కరారు ప్రకారం సర్టిఫికెట్టు ఆయనే తెచ్చివ్వాలని డిక్రీ. కానీ మేము ఇష్టపడి చేరాం, బట్టలు పెట్టి గౌరవించాం కాబట్టి నష్టపరిహారం ఇప్పించడం లేదని కూడా అందులోనే ఉంది. ఆయన జిల్లా కోర్టుకు అప్పీలు చేశాడు. అక్కడ ఓడాడు. ఓడినా కాయితం తేలేదు. డిక్రీ అమలు చేయించమని మళ్లీ దరఖాస్తు పెట్టాం. కోర్టు అమీనా వెళ్తే ఇంట్లో వాళ్లు ఊళ్లో లేడనేవాళ్లు. అలా అన్న ఒక రోజునే మా ఇంటాయనకు కాంట్రాక్టరు రైలు స్టేషను దగ్గర కనబడి, నమస్కారం కూడా పెట్టాడు.

డిక్రీ నకలు పట్టుకుని మళ్లీ మునిసిపాలిటీకే పోయాను. బల్ల వెనక అదే గుమాస్తా.

"కట్టినాయన పెట్టకపోతే ఇంటి యజమాని అర్జీ పెట్టుకోవచ్చు గదమ్మా," అన్నాడు.

"ఆ మాట నేను మొదట వచ్చినప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అర్జీ వచ్చిందా అని అడిగినారు. లేదన్నా. నేను పెట్టుకోవచ్చా అని మీరు అడగలేదు గదా."

నేనే అర్జీ పెట్టాను. ఇన్‌స్పెక్టరు వచ్చి కొలిచి, ఖాళీ జాగాలోకి వచ్చిన గోడ తీసేస్తే సర్టిఫికెట్టు ఇస్తామన్నాడు. తీయాల్సింది ఎవరు? ఇప్పుడు యజమాని నేను. అర్జీ నాది, గోడ నాది. ఆ ఖర్చుకు కాంట్రాక్టరు మీద ఇంకో దావా వేయవచ్చని మా లాయరు అన్నాడు. "ఇది బలమైన కేసమ్మా," అన్నాడు. ఆయన ఫీజు కూడా బలమైనదే. వద్దన్నాను.

మనుషుల్ని పెట్టి వంటగది వెనక గోడ పగలగొట్టించాను. పొయ్యి పోయింది. మా అత్త వసారాలో కూర్చుని ఒక్కో గునపం దెబ్బకు కళ్లు మూసుకునేది. పగలగొట్టిన ఇటుకల్లో బాగున్నవి ఏరి దాచి, వాటితోనే గోడ లోపలికి జరిపి కట్టించాను. ఆ వంటగదిలో ఒకరు నిలబడితే ఇంకొకరు బయటే. ఈనాటికీ అంతే.

సర్టిఫికెట్టు వచ్చింది. నంబరు రేకు కొట్టారు. కొళాయి వచ్చింది. మొదటి బిందె నిండుతుంటే నాకు సంతోషం కలగలేదు. ఎంత నీళ్లకు ఎంత గోడ అని లెక్క కట్టుకుంటూ నిలబడ్డాను.

కొన్నాళ్లకు కాంట్రాక్టరు మా గుమ్మం ముందుకొచ్చాడు. ఊళ్లో లేని మనిషి.

"బాగుండారా తల్లీ? కాయితం వచ్చిందంట, సంతోషం. ఒకసారి ఇస్తే నకలు రాయించుకుని తెచ్చిస్తా."

"మీకెందుకు?"

"అవతల కొత్త వీధి వేస్తా ఉండా. కొనేవాళ్లు అడగతారు గదమ్మా. నా ఇళ్లకు సర్టిఫికెట్లు వస్తాయని చూపించాల."

లోపలికి రమ్మనలేదు. "రిజిస్టరు పోస్టులో నోటీసు పంపించండి. జవాబు మా లాయరు ఇస్తాడు," అన్నాను.

ఆయనకు కోపం రాలేదు. నవ్వుతూ నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. మునిసిపాలిటీలో రుసుము కడితే నకలు ఎవరికైనా ఇస్తారట. వారం తిరక్కుండానే తీసుకున్నాడు.