ఈల వినగానే

బ్లేడక్క అంటే ఆ కుట్టుపని షెడ్డులో తెలియనివాళ్లు లేరు. బస్సుల్లో పర్సులు కోసి మూడుసార్లు జైలుకెళ్లిన మనిషి. కుట్టడం అక్కడే నేర్చుకుంది. అన్నీ తెలిసే ఓనరు పనిలో పెట్టుకున్నాడు. ఒక్క ఫిర్యాదు వచ్చినా బయటికే అన్నాడు. ఆమె కూతుర్ని పెంచుతున్న సొంత అక్క ఇంకా ఘనురాలు. "ముందు అక్కడ నిలకడగా పనిచేసి చూపించవే, అప్పుడు పంపిస్తా పిల్లని" అంది.

అందుకే బ్లేడక్క నోరు కట్టేసుకుంది. లేకపోతే మేస్త్రమ్మని ఎప్పుడో దులిపేసేది. సాయంత్రం గేటు దగ్గర సంచులు చూడటం మేస్త్రమ్మ పని. మిగతావాళ్లవి పైపైన చూసి వదిలేసేది. ఈమెను మాత్రం ఆఖర్న నిలబెట్టి, సంచీ బోర్లించి, డబ్బా మూత తీయించి, "ఏమే బ్లేడక్కా, ఇవాళ ఏం కోశావు?" అనేది. ఏం మనిషండీ! అంతకంటే చెప్పుతో కొట్టినా బాగుండేది.

ఒకరోజు కరెంటు పోయింది. బెల్లు మోగదని కొత్త సూపర్‌వైజరు ఈల తీసి గట్టిగా ఊదాడు. జైల్లో మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఈల వేస్తారు. వినగానే ఉన్నచోటే గొంతుక్కూర్చోవాలి. బ్లేడక్క మిషను వదిలేసి టక్కున కూర్చుంది. షెడ్డంతా గొల్లున నవ్వింది. సిగ్గుతో తల తిప్పేసరికి, బట్టల కట్టల వెనక ఇంకో మనిషి అచ్చం అలాగే కూర్చుని ఉంది. మేస్త్రమ్మ! ముఖాన నెత్తురుచుక్క లేదు. అంటే ఈవిడా ఆ జైలు కూడు తిన్నదే!

"ఏంటమ్మా, మీరిద్దరూ కింద?" అన్నాడు సూపర్‌వైజరు.

ఒక్క మాట అంటే చాలు, మేస్త్రమ్మ పరువు బజారున పడేది. ఆ మాట బ్లేడక్క నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు కొరికి మింగేసింది.

"సూది పడింది సార్. వెతుకుతున్నాం."

సాయంత్రం అందరూ వెళ్లాక మేస్త్రమ్మ ఆమె సంచీ ముట్టుకోలేదు. "నువ్వు పద చెల్లీ" అంది.

బ్లేడక్కకు ఒళ్లు మండిపోయింది.

"ఇప్పుడు చెల్లినయ్యానా? రేపు ఇక్కడ ఏదైనా పోతే ఎవరి మీదకొస్తుంది? చూడు! అందరిదీ ఎంత చూస్తావో నాదీ అంతే చూడు. ఆ ఎగతాళీ వద్దు, ఈ జాలీ వద్దు." గొంతు తగ్గించి అడిగింది. "బయటికొచ్చి ఎన్నాళ్లయింది?"

"పదిహేనేళ్లు."

"పదిహేనేళ్లా! అయినా ఈలకి కూలబడ్డావా? రేపు నా కూతురొచ్చాక వీధిలో ఎవడో ఈలేస్తే, దాని ముందు కూడా నేనిలాగే కూర్చోవాలా?"

మేస్త్రమ్మ సంచీ తెరిచి, అందరిదీ చూసినంతే చూసి, చేతికిచ్చింది.