గుడ్లవల్లేరు టికెట్

బందరులో స్పీచ్ థెరపీ మేడమ్, 'ర' పలకని మా పాపకి పైపళ్ల వెనక తేనె రాసి, "నాలుక ఇక్కడ తగలాలమ్మా" అనగానే నా నోరు చేదెక్కింది. చిన్నప్పుడు మా నాయనమ్మ సాన మీద అరగదీసి, తేనెలో నాకించిన వసకొమ్ము! "మింగరా, మాట తిరుగుద్ది" అనేది. మీకూ నాకించారా?

నాకు మాత్రం 'ర' తిరగలేదు. బస్సులో నవ్వుతారని మా ఊరు గుడ్లవల్లేరు పేరెత్తకుండా, గుడివాడకి టికెట్ తీసుకుని మధ్యలో దిగేసేవాణ్ణి. తర్వాతెప్పుడో 'ర' పలికింది. ఆ బెదురు పోలేదు.

తిరుగు బస్సులో కండక్టర్ "ఎక్కడికండీ?" అన్నాడు. అలవాటుగా గుడివాడ అనబోయాను. ఈలోపు పాపే గట్టిగా, "గుడ్లవల్లేలు!" అంది.

గబగబా బస్సంతా చూశాను. ఎవరూ నవ్వలేదు. కండక్టర్ తలెత్తకుండానే టికెట్ కొట్టి పాప చేతిలో పెట్టాడు.