జాడీల కింద క్యాలెండరు

ఊరికే పని చేసిపెడతానన్న మనిషిని నేను నమ్మను. మా అమ్మాయి ఆ వకీలమ్మను ఇంటికి పిలిచిన రోజున మొదట ఆ మాటే అన్నాను.

"ఫీజు తీసుకోని వకీలు ఈ భూమ్మీద ఉంటుందటే? ఎక్కడో ఒకచోట సంతకం పెట్టించుకుంటుంది, చూస్తూ ఉండు."

"అమ్మా, ఆవిడ కూడా ఆర్మీలో చేసి వచ్చింది. ఇలాంటి కేసులు ఫ్రీగానే చేస్తుంది. నువ్వు కాసేపు గమ్మున కూర్చో."

గమ్మునే కూర్చున్నాను. చెవులు మాత్రం మూసుకోలేదు.

అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను. నా చదువు నాలుగో తరగతితో ఆగింది. తెలుగు కూడబలుక్కుని రాస్తాను. ఇంగ్లీషు, ఎదుటివాళ్లు నిదానంగా మాట్లాడితే సగం తెలుస్తుంది. ఈ ఇంట్లో జిప్‌లాక్ కవర్లు కడిగి ఆరేసేదీ, పెరుగు డబ్బాల్లో పప్పులు పోసేదీ నేనే. పారేయడం నాకు చేతకాదు. ఈ సంగతి ఇప్పుడెందుకో తర్వాత తెలుస్తుంది.

మా అమ్మాయికి ఒక్కడే కొడుకు. ఇక్కడే పుట్టాడు. అందరి పిల్లలూ కంప్యూటర్లు చదువుతుంటే వీడు ఆర్మీలో చేరతానని పట్టుబట్టి చేరాడు. నాలుగో ఏడు తిరక్కుండానే వాళ్లు వీణ్ణి పంపేశారు. పంపేటప్పుడు ఒక డిశ్చార్జి కాగితం ఇచ్చారు. అది మంచి కాగితం కాదట. మర్యాదగా పంపలేదు, తప్పు చేస్తే పంపాం అని దాని అర్థమట. ఆ తర్వాత ఒక గోడౌన్‌లో సామాన్లు ఎక్కించే పని చేశాడు. పోయిన ఏడాది వానలో హైవే మీద కారు జారి చచ్చిపోయాడు.

ఇప్పుడు మా అమ్మాయి ఆ కాగితం మార్పించాలంటుంది. మారితే సైనికుల శ్మశానంలో వాడి పేరున ఒక తెల్లరాయి పెడతారట. అస్థికలు నీళ్లలో కలిపేసినా సరే, పేరుకు రాయి ఉంటుందట. మారకపోతే లేదు. "నా కొడుకు దొంగలా వెళ్లలేదు. అది రాతిమీద చూడాలి నేను," అంటుంది. దానికి ఇంకే కోరికా లేదు. తిండి కూడా దానికోసమే తింటున్నట్టు తింటుంది.

నా మనసులో మాట చెబుతాను. ఆర్మీ వాళ్లు ఊరికే పంపుతారా అనే అనుకున్నాను నేను. వాడు ఇంటికొచ్చిన కొత్తలో చొక్కాలు ఉతికే ముందు వాసన చూసేదాన్ని. జేబులు తిరగేసేదాన్ని. మత్తుమందో, దొంగతనమో, ఆడపిల్ల గొడవో, ఏదో ఒకటి ఉండి తీరాలి.

"ఏం చేసి తన్నించుకుని వచ్చావురా?" అని అన్నం పెడుతూ అడిగాను ఒకసారి.

"ఏం లేదు అమ్మమ్మా. పేపర్‌వర్క్ ప్రాబ్లమ్." అంతే అన్నాడు. పచ్చడి ఇంకొంచెం వేయమన్నాడు.

నేను నమ్మలేదు. వాడు పోయేదాకా నమ్మలేదు.

వకీలమ్మ రెండోసారి వచ్చినప్పుడు లావుపాటి ఫైలు తెచ్చింది. మనిషికి అరవై ఉంటాయి, జుట్టు మగవాళ్లలా కత్తిరించుకుంది. నేనిచ్చిన టీ మొత్తం తాగింది. అది కూడా నాకు అనుమానమే, ఇక్కడివాళ్లు మన టీ సగమే తాగుతారు. ఫైలు ఆర్మీ వాళ్ల దగ్గర్నుంచి తెప్పించానంది. చదువుతుంటే మా అమ్మాయి నాకు తెలుగులో చెప్పింది.

మా అల్లుడు పోయినప్పుడు తండ్రి కర్మ చేయడానికి మనవడికి పది రోజులు సెలవిచ్చారు. వాడు ఇరవై రోజులు ఆలస్యంగా వెళ్లాడు. అదీ నేరం.

"దానికే పంపేస్తారా? ఆలస్యమైతే జీతం కోస్తారు గాని," అన్నాను.

మా అమ్మాయి అడిగింది. వకీలమ్మ ఒక కాగితం మీద వేలు పెట్టి చెప్పింది. సెలవు పెంచమని వాడు అడిగాడట. తిరిగి ఫోన్ చేసి చెబుతామన్నారట. వాడు ఇంటి నంబరు ఇచ్చాడు. పెంచలేం, వచ్చేయమని చెప్పడానికి వాళ్లు మూడుసార్లు ఈ ఇంటికి ఫోన్ చేశారు. మూడుసార్లూ ఒక ఆడమనిషి ఎత్తి, ఆ పేరుగలవాడు ఇక్కడెవరూ లేరు అని పెట్టేసింది. ఇంట్లో దాక్కుని, లేడని చెప్పించాడని రాసుకున్నారు. అందుకే అంత శిక్ష.

మా అమ్మాయి చదవడం ఆపి, "ఎవరమ్మా ఆ ఆడమనిషి? ఆ రోజుల్లో ఇంటినిండా జనమే కదా," అంది.

నేను టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను.

అప్పటి సంగతి చెప్పాలి. ఇంటి ఫోను మా అల్లుడు నాకోసమే పెట్టించాడు. పెట్టించిన రోజే నేర్పాడు. "అత్తయ్యగారూ, ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, గవర్నమెంటు నుంచి అంటే నమ్మకండి. మన ఇంటిపేరు పట్టుకుని, ఆ పేరుగలవాళ్లు ఉన్నారా అని అడుగుతారు. ఎవరూ లేరని పెట్టేయండి. అంతా మోసం." ఆ మాట నేను మంత్రంలా పట్టుకున్నాను. అలాంటి ఫోను వచ్చినప్పుడల్లా, కిరాణా కొట్టువాళ్లు ఊరికే ఇచ్చే తెలుగు క్యాలెండరు మీద ఆ తేదీ గడిలో "దొంగ" అని రాసేదాన్ని. సాయంత్రం అల్లుడు చూసి నవ్వేవాడు. "ఈ వారం నలుగుర్ని పట్టారే!" అనేవాడు. మా ఆయన బతికుండగా కూడా నన్ను ఎవరూ అలా మెచ్చుకోలేదు.

అల్లుడు పోయాక కూడా ఆ అలవాటు మానలేదు. కర్మ చేసేవాడి చేతిలో ఫోనేమిటని మనవడి సెల్లు నేనే తీసి చీరల మధ్య పెట్టాను. వాడు తెల్లపంచె కట్టుకుని తిరుగుతూ రోజూ అడిగేవాడు.

"అమ్మమ్మా, హోమ్ ఫోన్‌కి ఎవరన్నా కాల్ చేశారా?"

"ఎవరూ చేయలేదు."

దొంగల్ని ఎవరైనా లెక్కలో వేస్తారా? ఏ ఫోను కోసం చూస్తున్నాడో వాడు చెప్పలేదు. నేనూ అడగలేదు. ఫోను రాలేదు కాబట్టి సెలవు పెరిగినట్టేనని వాడనుకున్నాడు కాబోలు. నెలమాసికం అయ్యేదాకా ఉండి, ఆ మర్నాడు బట్టలు సర్దుకున్నాడు.

వకీలమ్మ ఇంకా ముందుగదిలోనే ఉంది. నేను వంటింట్లో నిలబడి జాడీల అర వైపు చూస్తున్నాను. పాత క్యాలెండర్లు పారేయకుండా అరల్లో పరుస్తాను నేను. ఆవకాయ జాడీ కింద ఏ సంవత్సరానిది ఉందో నాకు తెలుసు, ఇంకెవరికీ తెలియదు. నూనె తుడిచి, ఉండ చుట్టి చెత్తలో వేస్తే ఎవరడుగుతారు? ఆ మాట అనుకోలేదని అబద్ధం చెప్పను.

అప్పుడే ముందుగదిలోంచి మా అమ్మాయి గొంతు వినిపించింది. వకీలమ్మ ఇంగ్లీషులో చదివినదాన్ని తనలో తను తెలుగులో చెప్పుకుంటోంది. "ఫోన్ ఎత్తిన ఆడమనిషి ఎవరని విచారణలో అడిగారు. తెలియదన్నాడు. మళ్లీ అడిగారు. తెలియదు, తప్పు నాదే, నేనే కాల్ చేయాల్సింది అన్నాడు."

వాడికి తెలుసు. నా గొంతు కాక ఇంకెవరి గొంతు ఉంటుంది, పగటిపూట ఆ ఫోను ఎత్తేది నేను తప్ప ఎవరు? తెలిసి ఇంటికొచ్చాడు. నేను వాడి జేబులు వెతుకుతుంటే చూశాడు. పచ్చడి వేయమన్నాడు.

జాడీ దించాను. కాగితం అరకు అంటుకుపోయి ఉంటే అట్లకాడతో నెమ్మదిగా లేపాను. మూలలు నూనెతో అద్దంలా అయిపోయాయి గాని గడులు కనిపిస్తున్నాయి. పదకొండో రోజు, పన్నెండో రోజు, మాసికం, అన్నీ నా చేతిరాతే. వాటి మధ్య మూడు చోట్ల "దొంగ".

తెచ్చి బల్ల మీద పరిచాను. ఆవకాయ వాసనకి వకీలమ్మ ముక్కు ఎగబీల్చింది. మా అమ్మాయి ఫైల్లో తేదీలు చూసింది, గడులు చూసింది. మూడూ కలిశాయి.

"నువ్వా?" అంది.

"నేనే."

అది క్యాలెండరు అటువైపు జరిపింది. వకీలమ్మకు చెప్పింది. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని ఆ కాగితం వైపు, వెతుకుతున్నది దొరికినట్టు చూసింది. అప్పటి కాగితం, అప్పటి రాత, ఇంతకంటే మంచి సాక్ష్యం ఉండదట. పెద్దావిడ మోసగాళ్లనుకుని పెట్టేసింది, కుర్రాడికి తెలియదు అని అర్జీలో పెడతానంది. నన్ను తెలుగులో రాసి సంతకం పెట్టమంది.

సంతకం పెట్టించుకుంటుందని ముందే అన్నాను కదా. పెట్టించుకుంది.

మా అమ్మాయి కాగితాలు నా ముందు పెట్టి, పెన్ను అందించింది. నేను రాయడం మొదలుపెట్టాను. రెండో ఫోను దాకా బాగానే రాశాను. మూడోదాని దగ్గర చెయ్యి ఆగింది.

"ఏమైందమ్మా?"

"మూడోసారి చేసినవాడు దొంగలా లేడే. మేడమ్, మేడమ్ అన్నాడు. కార్డు నంబరు అడగలేదు. నిజమైనవాడేమోనని అనుమానమొచ్చింది నాకు. కాని మాసికానికి ఇంకా వారముంది. మనవణ్ణి ఫోను దగ్గరికి పిలిస్తే వెళ్లిపోతాడని..."

అది నా వైపు చూసిన చూపు నేను చెప్పలేను. కూతురు తల్లిని చూసే చూపు కాదు. దొంగని చూసే చూపు.

"రాయి," అంది చివరికి. "అది కూడా రాయి."

వకీలమ్మ అదంతా అవసరం లేదేమో అందట. మా అమ్మాయి వినలేదు. నేను రాశాను. అక్షరాలు వంకర పోయాయి. తప్పు పడినచోట కొట్టేసి పక్కన రాశాను గాని, కొత్త కాగితం తీసుకోలేదు.

అర్జీ పంపి ఏడు నెలలైంది. ఇంకా జవాబు రాలేదు. ఆర్మీ వాళ్లు ఇంటికి ఫోన్ చేసి నన్ను అడిగినా అడగవచ్చునని వకీలమ్మ చెప్పింది. అందుకని ఫోను పక్కనే కూర్చుని కూరలు తరుగుతున్నాను. మా అమ్మాయి నాతో అవసరమైనంతవరకే మాట్లాడుతుంది. టీ పెట్టి ఇస్తుంది, తాగుతాను.

ఫోన్లు రోజుకు అయిదారు వస్తాయి. కారు వారంటీ అంటారు, టాక్సు ఆఫీసు అంటారు. వీళ్లు దొంగలని నాకు తెలుసు. అయినా మా ఇంటిపేరు పట్టుకుని ఎవరు అడిగినా ఇప్పుడు ఒకటే జవాబు చెబుతాను. ఆ ఇంగ్లీషు ముక్కలు మా అమ్మాయే నేర్పింది.

అవునండీ. ఇది వాడి ఇల్లే.