దస్తగిరన్నకు మాస్కు కుదిరిన మధ్యాహ్నం

2007లో నేను అనంతపురంలో ఒక ఛాతీ డాక్టరుగారి క్లినిక్‌లో నర్సుగా ఉన్నాను. స్లీప్ ఆప్నియా అనే మాట అప్పటికి మా వైపు కొత్త. నిద్రలో గొంతు వదులై గాలిదారి మూసుకుపోతుంది. మనిషి ఊపిరాడక, సరిగ్గా మెలకువా రాక, తెల్లవార్లూ అల్లాడతాడు. పగలంతా తూలుతుంటాడు. దానికి సీప్యాప్ అనే చిన్న మెషిన్ ఉంది. అది గొట్టంలోంచి, ముఖానికి పెట్టిన మాస్కులోంచి గాలిని ఒత్తిడితో పంపి దారి తెరిచి ఉంచుతుంది. ఆ మాస్కు అమర్చడం, వాడడం, కడుక్కోవడం నేర్పించడం నా పని. గురకకు మెషినేంటని నవ్వేవాళ్ళే ఎక్కువ.

దస్తగిరన్న మాత్రం గురక కోసం రాలేదు. ఆయనకు తాడిపత్రి దగ్గరి యాడికి అనే ఊళ్ళో, బస్టాండు పక్కన బొరుగుల ఉగ్గాని, బజ్జీల హోటలుంది. బజ్జీలు వేస్తూ వేస్తూ బాణలి ముందే కునుకు తీసి, ముంజేయి కాల్చుకున్నాడు. చేతి కట్టుతో ఉన్న ఆయన్ని భార్య మస్తానమ్మ వెంటబెట్టుకొచ్చింది.

"నిద్ర కాదు సిస్టరమ్మా, రవ్వంత రెప్ప వాలిందంతే," అన్నాడు.

"ఆ రెప్ప దినామూ వాలుతుంది. నేను ఎనక నిలబడి చొక్కా పట్టుకోనుంటా. ఆపొద్దు నేను నీళ్ళకు పోతి, అంతలోనే చెయ్యి కాల్చుకున్నాడు," అంది ఆమె.

బెంగుళూరులో నిద్ర పరీక్ష చేయించాక జబ్బు ముదిరిందని తేలింది. నోరు తెరిచి పడుకునే మనిషి కాబట్టి ముక్కునూ నోటినీ కలిపి కప్పే ఫుల్ ఫేస్ మాస్కు తీశాను. ముఖం కొలిస్తే పెద్ద సైజు వచ్చింది. పట్టీలు మరీ బిగించకూడదు, కింద రెండు వేళ్ళు దూరాలి. కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే ఎక్కడా గాలి కారలేదు. సంతోషంగా పంపించాను.

వారానికే ఎర్రటి కళ్ళతో తిరిగొచ్చాడు.

"గాలంతా కండ్లల్లోకి కొడతాండాది. తాటాకులో గాలి దూరినట్టు ఒకటే సద్దు. పట్టీలు గట్టిగా లాగినా నిలవలా."

లాగిన లాగుడుకు ముక్కు దూలం మీద పుండు పడింది. మాస్కు చేతిలోకి తీసుకుంటే, ముఖానికి ఆనుకునే సిలికాన్ అంచు బిరుసుగా తగిలింది. ఎలా కడుగుతున్నావని అడిగాను.

"సోడా వేసి బాగా ఉడకబెడతాండా. రేకుల మీద ఎండబెడతాండా," అన్నాడు గర్వంగా. హోటల్ గిన్నెలకు చేసే మర్యాదే దానికీ చేశాడు. మా ఎండకు రేకుల మీద పెట్టినది అప్పడమవుతుంది గానీ మాస్కుగా మిగలదు. రోజూ పొద్దున గోరువెచ్చని నీళ్ళలో మెత్తటి సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టాలనీ, వారానికోసారి గొట్టం కడగాలనీ, ఫిల్టరుకు పట్టిన దుమ్ము దులపాలనీ చెప్పాను. ముఖం మీద నూనె ఉంటే మాస్కు జారుతుంది, పడుకునే ముందు ముఖం కడుక్కోమన్నాను. కొత్త అంచు వేసి కూర్చోబెట్టి చూస్తే మళ్ళీ చక్కగా నిలిచింది.

ఇంటికెళ్ళాక మళ్ళీ అదే కథ. ఈసారి మెషిన్ సంచీలో పెట్టుకుని వచ్చాడు.

"నా తలకాయకు ఇది సరిపోదులే సిస్టరమ్మా. వాపసు తీసుకోండి."

"అట్లయితే హోటలు కూడా మూసేద్దాం. ఇంగ బాణలి ముందర నిన్ను కూచోనియ్యను," అంది మస్తానమ్మ. ఆమె గొంతులో కోపం కంటే భయమే ఎక్కువ వినిపించింది. పెళ్ళికి ముందునుంచీ ఆ పొయ్యి దగ్గరే బతికిన మనిషి, తల వంచుకుని కూర్చున్నాడు.

మెషిన్ వాపసు తీసుకోలేదు. తాడిపత్రిలో మా డాక్టరుగారి క్యాంపు ఉన్న రోజు, అన్ని సైజుల మాస్కులూ సంచిలో వేసుకుని మధ్యాహ్నం బస్సుకు యాడికి వెళ్ళాను. పొద్దుటి వ్యాపారం ముగించి ఆయన ఇంట్లోనే ఉన్నాడు.

"రాత్రి ఎట్ల పండుకుంటావో అట్లే పండుకో అన్నా," అన్నాను.

పడుకున్నాడు. మాస్కు పెట్టి మెషిన్ వేశాను. రవ్వంత గాలి కూడా కారలేదు. నాకు పాలుపోలేదు. "రాత్రి కూడా అచ్చం ఇట్లేనా?" అని రెట్టించి అడిగాను. మాస్కు తీసి లేచి కూర్చున్నాడు.

"మస్తానీ, సిస్టరమ్మకు కాఫీ పెట్టుపో," అని భార్యను వంటింట్లోకి పంపాడు. ఆమె వెళ్ళాక గొంతు తగ్గించాడు. "రాత్రి ఇవి తీసి పెడతా. కట్టుడు పండ్లు. కూతురి కాన్పుకని ఆమె పోయినప్పుడు పీకించి కట్టించుకుంటి. ఆమెకు తెలీదు. పండ్లు తెల్లగయినాయే అనడిగితే, పేస్టు మార్చినానంటి."

"ఇప్పుడు తీయి," అన్నాను.

తీశాడు. బుగ్గలు లోపలికి పోయాయి, గడ్డం పైకొచ్చింది. ఇందాక సరిపోయిన మాస్కే మళ్ళీ పెడితే గడ్డం కిందికి జారింది. మెషిన్ వేయగానే బుస్సుమని గాలి.

ఆ సద్దుకు వంటింట్లోంచి మస్తానమ్మ గొంతు వినబడింది. "పండ్లు తీసినాడా సిస్టరమ్మా?"

దస్తగిరన్న మాస్కు వెనక నుంచి నన్నే చూశాడు.

ఆమె కాఫీ గ్లాసులతో వచ్చింది. "పేస్టు మొగమే ఎరగడు, యాపపుల్ల మనిషి. ఉన్నట్టుండి యాపపుల్ల మానేసె. నాకు తెలీదనుకుంటివా? ఆపొద్దు నుంచీ శెనక్కాయలు దంచి పొడి చేసి పెడతాండా గదా, ఎందుకని ఒకనాడన్నా అడిగితివా?"

"నీకు ఆ పొడి ఇష్టమనుకుంటి," అన్నాడు ఆయన, పళ్ళు లేని నోటితో. ముగ్గురం నవ్వడం మొదలుపెట్టి చాలాసేపటికి గానీ ఆపలేకపోయాం.

మీడియం సైజు తీశాను. పళ్ళు లేకుండానే, పడుకోబెట్టే, మెషిన్ నడుస్తుండగానే పట్టీలు ఒక్కొక్కటే సర్దాను. ఆయన అటూ ఇటూ ఒత్తిగిల్లినా మాస్కు కదల్లేదు. ఇంకో మాట చెప్పబోయేలోగా నిద్రలోకి జారుకున్నాడు. గురక లేదు. మస్తానమ్మ భయపడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. అది నెమ్మదిగా లేచి పడుతోంది. ఆ చెయ్యి అలాగే ఉంచి కూర్చుండిపోయింది.

సాయంత్రం బజ్జీల కోసం ఎవరో వచ్చి తలుపు తట్టారు.

"ఈపొద్దు బజ్జీలు లేవు పోప్పా," అంది ఆమె మెల్లగా. "మా మనిషి నిద్రపోతాండాడు."

తర్వాతి నెల క్లినిక్‌కు వచ్చినప్పుడు చేతికి కట్టు లేదు. ఇప్పుడు చొక్కా పట్టుకునే పని తప్పిందని మస్తానమ్మ చెప్పింది.

క్లినిక్‌కు వచ్చే మనిషి ముఖం కడుక్కుని, తల దువ్వుకుని, పళ్ళు పెట్టుకుని వస్తాడు. మాస్కు నిలవాల్సింది అవన్నీ తీసేశాక మిగిలే ముఖం మీద. అందుకే ఆ తర్వాత ఎవరికైనా కొలత తీసే ముందు, పడుకునేటప్పుడు ఏమేం తీసి పెడతారని అడగడం అలవాటు చేసుకున్నాను. ఒకామె ముక్కుపుడక అంది. ఒకాయన విగ్గు అన్నాడు. కొందరు పక్కనున్న భార్యనో భర్తనో చూసి నీళ్ళు నములుతారు. అప్పుడు నేను వాళ్ళను వదిలేసి పక్కవాళ్ళ ముఖం చూస్తాను. చాలాసార్లు అక్కడ ఒక చిన్న నవ్వు కనిపిస్తుంది.