ఎర్ర ట్యాంకులో నీలం

దెయ్యాలు, గాలి సోకడాలు నేను నమ్మను. మా కంచరపాలెంలో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే, "నువ్వు చూశావా?" అని అడిగి నోరు మూయించేవాణ్ణి. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైల చివర్లో ఓడల మరమ్మతు చేయించే ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేశాను. ఓడ అడుగున నీళ్ళు నింపే ట్యాంకుల్లోకి దిగి, సుత్తితో తుప్పు రాల్చడం మా పని. మనిషి పట్టేంత కంత ఒక్కటే దారి. దిగేముందు అందరం చెప్పులు ఆ కంత పక్కన వదిలేవాళ్ళం. పైన కాపలా ఉండే సింహాచలం వాటినే చూసుకునేవాడు. జత ఉంటే మనిషి లోపలున్నట్టు, లేకపోతే ఎక్కేసినట్టు. పుస్తకంలో పేర్లు రాయాలని రూలుంది. ఎవరూ రాయలేదు. దాని మీద రెండు అర్జీలు పెట్టాను. జవాబు రాలేదు.

ఆ వానాకాలంలో నా కొత్త తోలు చెప్పులు అక్కడే పోయాయి, సింహాచలం కాపలాలోనే. మూడో అర్జీ పెట్టాను. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను. మళ్ళీ చెప్పులు కొనుక్కుని, వాటిని సంచిలో వేసుకుని ట్యాంకులోకే తీసుకెళ్ళడం మొదలుపెట్టాను.

"ఏటి బావా, సెప్పులకి కూడా ట్యాంకు సూపిత్తన్నావేటి?" అన్నాడు సింహాచలం. నేను సంచి భుజాన వేసుకుని దిగిపోయాను.

నాలుగో రోజు మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. మిగతావాళ్ళు గబగబా పైకెక్కారు. నేను చివరి అరలో ఉన్నాను. సుత్తి చప్పుడులో పిలుపు వినపడలేదు. సింహాచలం చూశాడు, కంత పక్కన ఒక్క జతా లేదు. మాకోసం లోపల వేలాడదీసిన దీపాన్ని వైరు లాగి పైకి తీశాడు. లోపల నీళ్ళు పడకుండా మూత వేసి, రెండు నట్లు బిగించి, అన్నానికి వెళ్ళిపోయాడు.

చీకటి. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే. తడుముకుంటూ మూత కిందికి వచ్చి సుత్తితో కొట్టాను, అరిచాను. పైన వాన హోరు. తుప్పు పట్టే ఇనుము గాలిని తినేస్తుందని పాతవాళ్ళు చెప్పేవారు. అది గుర్తొచ్చాక ఇంకా గట్టిగా అరిచాను. ఇక్కడే పోతానని అర్థమైంది.

అప్పుడు కుడిపక్క గోడ మీద నీలం కనిపించింది.

వెలుగు కాదది. వెలుగైతే నా చేయి నాకు కనిపించాలి. చేయి కనిపించలేదు. నీలం ఒక్కటే కనిపించింది. చేటంత, నా ఛాతీ ఎత్తులో. ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లకి వేసే నీలం లాంటిది.

దానికి ఎదురుగా కూర్చున్నాను. అరుపు ఆగింది. ఊపిరి నెమ్మదించింది. సింహాచలాన్ని తిట్టుకుందామని చూశాను, తిట్టు రాలేదు. ఎవరి మీదా కోపం లేకుండా నేనున్నది నా బతుకులో ఆ కాసేపే. లేచి ఇంకోసారి మూత కొట్టాలని కూడా అనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకు భయం వేసేది అదే.

వాన వెలిశాక, సాయంత్రం నాలుగు గంటలకి మళ్ళీ పనికి దిగబోతూ మూత తీశారు. టార్చి వేస్తే చుట్టూ ఎర్ర రంగే. తుప్పు పట్టకుండా వేసే ఆ ముదురెరుపు తప్ప ఏమీ లేదు. "నీలం ఏది?" అన్నానట నేను మొదట. సింహాచలం ఏడుస్తున్నాడు. "సెప్పులు అవుపళ్ళేదు బావా, ఎల్లిపోనావనుకున్నాను."

నెమ్మదిగా ఊపిరి తీసుకోబట్టే బతికానన్నారు డాక్టరు. నీలం చూస్తే మనసు కుదుటపడుతుందనీ, అందుకే కొన్ని ఆసుపత్రి గదులకి ఆ రంగు వేస్తారనీ చెప్పారు. "చీకట్లో ఎలా చూస్తానండీ?" అన్నాను. ఆయన మాట మార్చారు.

కాంట్రాక్టరు మాత్రం నేను పని ఎగ్గొట్టి లోపల నిద్రపోయానన్నాడు. అది రుజువైతే నా గేటు పాసు రద్దు, పని పోయినట్టే. నాలుగు పేజీల వాంగ్మూలం రాసిచ్చాను. విచారణ చేసినాయన చదివి, "ఆ నీలం ముక్క కొట్టేయండి. ఉంచితే మీకు స్పృహ లేదంటారు, మూత సంగతి కూడా కలే అంటారు" అన్నాడు. మంచికే చెప్పాడు. నేను కొట్టేయలేదు. చూసింది చూశానని రాశాను. పాసు పోయింది.

రెండు వారాల తర్వాత సింహాచలం అగ్గిపెట్టె ఒకటి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. నేను చెప్పిన చోట, ఛాతీ ఎత్తులో, తనే దిగి గీకాడట. అంతకుముందు అక్కడ రంగు ఎక్కడా పెచ్చు ఊడి లేదట. మూడు పూతల ఎరుపు కింద నీలం తేలింది. చుట్టూ ఎక్కడ గీకినా ఒట్టి ఇనుమే. "నా పిల్లల మీదొట్టు బావా, సేటంతే ఉంది" అన్నాడు. పెట్టెలో ఆ పెచ్చు ఉంది. ఒకవైపు ఎరుపు, ఇంకోవైపు నీలం.

దాన్ని జతచేసి మళ్ళీ అర్జీ పెట్టాను. ఓడ వెళ్ళిపోయిందన్నారు, పెచ్చు తిప్పి పంపేశారు.

ఆ నీలం అక్కడ ఎవరు వేశారో, నాకంటే ముందు అక్కడ ఎవరు కూర్చున్నారో, మూడు పూతల కిందున్నది నాకెలా కనిపించిందో తెలియదు. పెచ్చు ఇంకా నా దగ్గరే ఉంది. ఆ కాంట్రాక్టరు గుర్తొచ్చినప్పుడల్లా దాన్ని తీసి, పట్టపగలు కిటికీ దగ్గర పెట్టుకుని చూస్తాను.

కోపం ఏమాత్రం తగ్గదు.