దానియేలు కుడిచెయ్యి

1997 ఆగస్టులో నన్ను మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా మైదానంలోని ఒక ఆఫీసుకు బదిలీ చేశారు. పాడేరు, ముంచింగిపుట్టు వైపు ఏజెన్సీ మండలాలు కూడా ఆ ఆఫీసు కిందికే వచ్చేవి. లైసెన్సు కోసం కొండల మీదివాళ్లంతా ఘాట్ దిగి రావడం కష్టం కనక నెలకొక రోజు మేమే పాడేరు వెళ్లి క్యాంపు పెట్టేవాళ్లం. నేను, ఒక గుమస్తా, ట్రంకుపెట్టె నిండా ఫారాలు. ఉదయం కొత్తవాళ్లను రోడ్డు గుర్తులు అడిగి ఎల్.ఎల్.ఆర్., అంటే నేర్చుకునేవాడి లైసెన్సు, ఇచ్చేవాళ్లం. అది తీసుకుని నెల దాటినవాళ్లకు మధ్యాహ్నం డ్రైవింగు పరీక్ష.

పరీక్షలో ముఖ్యంగా చూసేవి మూడు. ఎత్తులో బండి ఆపి వెనక్కి జారకుండా మళ్లీ కదిలించడం, తిన్నగా రివర్సు చేయడం, మలుపుల దగ్గర చేతి సిగ్నలు ఇవ్వడం. అప్పట్లో ఏజెన్సీ జీపుల్లో ఇండికేటరు వెలగడం అరుదు. డ్రైవరు ఎటు తిరగబోతున్నాడో వెనకవాడికి చెప్పగలిగింది అతని కుడిచెయ్యి ఒక్కటే.

నవంబరులో జరిగింది నా మూడో క్యాంపు. ఆ రోజు పరీక్షకు వచ్చినవాళ్లలో దానియేలు ఒకడు. ముప్పై ఏళ్లుంటాయి, ఊరు ముంచింగిపుట్టు దగ్గర. జీపు అతని బావ యోహానుది. ఆ వైపు ఒక చిన్న మిషన్ ఆస్పత్రిలో జీపు డ్రైవరు పని మానుకుంటున్నాడట. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే ఆ ఉద్యోగం దానియేలుకే ఇస్తామన్నారు. చూపించలేకపోతే ఇంకొకరిని చూసుకుంటారు. ఈ సంగతి అతను చెప్పలేదు, యోహాను చెప్పాడు, అదీ మూడుసార్లు.

బండి సొంతదారు వెనక సీట్లో కూర్చోవడం అక్కడ వాడుక. నేనూ అడ్డుచెప్పేవాణ్ణి కాదు. ఆ రోజు మాత్రం గుమస్తా ఏదో సంతకానికి పిలవడంతో యోహాను కిందే ఉండిపోయాడు. నేను ఎడమ సీట్లో కూర్చుని బయల్దేరమన్నాను.

ఎత్తులో ఆపి కదిలించమంటే జీపు బెత్తెడు కూడా జారలేదు. రివర్సు గీత గీసినట్టు వచ్చింది. ఒక్క విషయం వింతగా తోచింది. దానియేలు తన సీటు ఎడమ అంచున ఇరుక్కుని కూర్చున్నాడు. కుడిపక్క ఇంకో మనిషికి సరిపడా ఖాళీ. నాలుగు రోడ్ల దగ్గర కుడికి తిప్పమన్నాను. తిప్పాడు, చెయ్యి చూపించలేదు.

“సిగ్నలేదయ్యా?” అన్నాను.

దానియేలు కుడివైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. “మా బావ రాలేదు కదా బాబూ,” అన్నాడు.

నాకు అర్థం కాలేదు. మళ్లీ తిప్పించి, ఈసారి చెయ్యి చాపమన్నాను. చాపాడు. చేతితోపాటు మనిషి ఒరిగాడు, మనిషితోపాటు జీపూ ఒరిగింది. జీపు ఆపించి కారణం అడిగాను.

సంతరోజు జీపులో డ్రైవరుకు కుడిపక్కన కూడా ఒక మనిషి కూర్చుంటాడు. దానియేలు నేర్చుకునేటప్పుడు పద్దెనిమిది మంది ఎక్కి ఎడమవైపంతా నిండేవారు కనక, నేర్పే యోహాను కుడి అంచున, ఒక కాలు బయటపెట్టి కూర్చునేవాడు. దానియేలు స్టీరింగు తిప్పేవాడు, యోహాను చెయ్యి చూపించేవాడు. నెలన్నరపాటు ఇద్దరూ కలిసి ఒక డ్రైవరుగా నడిపారన్నమాట.

ఎల్.ఎల్.ఆర్. ఉన్నవాడు నేర్పేవాణ్ణి తప్ప ఎవరినీ ఎక్కించుకోకూడదు. క్యాంపుకి తిరిగొచ్చాక ఆ మాటే యోహానును గట్టిగా అడిగాను.

“ఆళ్లు పేసింజర్లు కారు బాబూ, అందరూ మా సుట్టాలే,” అన్నాడు.

“పద్దెనిమిది మందీనా?”

“సంతరోజు కదండి, సుట్టాలు ఎక్కువొత్తారు.”

గుమస్తా ఫారం అడ్డుపెట్టుకుని నవ్వాడు. నేను రిపోర్టులో ఫెయిలని రాశాను.

“ఏటి బాబూ, ఘాట్ ఎక్కించి దించినోణ్ణి, ఒక్క సెయ్యికి ఫెయిలా?” అన్నాడు దానియేలు.

ఆస్పత్రి జీపులో రోగి ఉంటాడు గాని బావ ఉండడని చెప్పాను. ఫెయిలైనవాడు ఏడు రోజులు ఆగి మళ్లీ పరీక్షకు రావచ్చు. వచ్చే క్యాంపుకి నెల గడిచిపోతుంది కనక జీపుతో ఘాట్ దిగి మా ఆఫీసుకే రమ్మన్నాను.

ఆ సాయంత్రం డైరీ రాస్తూ అంతకుముందు రెండు క్యాంపుల పేజీలు తిరగేశాను. అయిదుగురు జీపు అభ్యర్థుల పేర్ల ఎదుట ‘చేతి సిగ్నలు బాగుంది’ అని నా రాతే ఉంది. ఆ అయిదు జీపుల్లోనూ సొంతదారు వెనక, డ్రైవరు వైపే కూర్చున్నాడు. ఎడమ సీట్లోంచి నాకు కనిపించింది బయటికి చాచిన ఒక చెయ్యి. అది ఎవరిదో నేను చూడలేదు. తరవాతి క్యాంపుకి ఆ అయిదుగురినీ పిలిపించి మళ్లీ నడిపించాను. ఇద్దరు దానియేలులాగే కుడిపక్క చూశారు. వాళ్లకు చెయ్యి అలవాటయ్యేదాకా క్యాంపు పక్క ఖాళీ స్థలం చుట్టూ తిప్పించి పంపాను.

పాడేరులో ఫెయిలైన ఎనిమిదో రోజు పొద్దున్నే దానియేలు జీపు మా ఆఫీసు ముందు ఆగింది. యోహాను దిగుతూనే మొదలుపెట్టాడు. “ఈడితో యేగలేకపోయాం బాబూ. వారం రోజులూ నడిసినా సెయ్యి సాపడమే. గట్టు మీద కుడికి తిరిగినా సెయ్యే. మా ఇంటిది సూసి, ‘ఏట్రా తమ్ముడా, ఎవుల్ని పిలుత్తన్నావు?’ అని ఒకటే నవ్వు.”

“నువ్వూరుకో బావా,” అన్నాడు దానియేలు.

యోహానును వరండాలో కూర్చోబెట్టి బయల్దేరాం. బస్సులు, రిక్షాలు, సైకిళ్లు. దానియేలు ఇంత రద్దీలో ఎప్పుడూ నడపలేదు. కాని సీటు నడుమన కూర్చున్నాడు. కుడి మలుపు దగ్గర భుజం ఎత్తున చెయ్యి చాచాడు, జీపు తిన్నగానే ఉంది. ఎడమ మలుపుకి చెయ్యి గుండ్రంగా ఎంత గట్టిగా తిప్పాడంటే, వెనక వస్తున్న రిక్షావాడు తననే పిలిచారనుకుని పక్కకొచ్చి “ఎక్కడికి బాబూ?” అన్నాడు. ఆఫీసు ముందు ఆపమంటే చెయ్యి నిటారుగా ఎత్తి ఆపాడు. నేను దిగి, రిపోర్టులో పాసని రాసి సంతకం పెట్టేదాకా అతను ఆ చెయ్యి దించలేదు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు అతను ఆస్పత్రిలో లైసెన్సు చూపించి పనిలో చేరాడు. జనవరి క్యాంపుకి ఎవరినో పరీక్షకు దింపడానికి ఆస్పత్రి జీపులో వచ్చినప్పుడు ఆ మాట తనే చెప్పాడు.

ఆ తరవాత నా పద్ధతిలో రెండు మార్పులు చేసుకున్నాను. పరీక్ష జరిగే బండిలో అభ్యర్థి, నేను తప్ప మూడో మనిషి ఉండకూడదు. ఇంజను స్టార్టు చేయించే ముందు ఒక ప్రశ్న అడగాలి: నేర్చుకునేటప్పుడు నీ పక్కన ఎవరు, ఏ వైపు కూర్చున్నారు? రిటైరయ్యేదాకా ఈ ప్రశ్న మానలేదు. జవాబు విన్నాక పరీక్షలో ఏది జాగ్రత్తగా చూడాలో సగం తెలిసిపోయేది.