ఒక్కచోట రాస్తే చాలన్న టీచరమ్మ

మా కంప్యూటర్ టీచరమ్మ ఇక లేదన్న వార్త ఆమె భర్త ఫోన్ చేసి చెప్పారు. ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. ఆమె నంబరు చూసి ఫోన్ ఎత్తిన నేను అవతలి గొంతు వినకముందే, "ఆఖరి ముప్పై ఒక్క పేజీలు ఇంకా రాలేదు" అన్నాను. ఆయన, "మేడం, ఆమె ఇగ లేదు. తెల్లారుజామున దవాఖానలనే," అన్నారు. ఆమెకు అంత జబ్బు చేసిందన్న సంగతి కూడా నాకు అప్పుడే తెలిసింది. నలభై ఆరేళ్ల మనిషి.

ఆమెతో నేను చివరిగా చేసిన పని ఏమిటో మా చర్చి సంఘంలో చాలామందికి సగమే తెలుసు. మిగతా సగం నేనే రాయాలి.

నేను ప్రధానోపాధ్యాయినిగా ఉన్న బడిలో ఆమె పదకొండేళ్లు కంప్యూటర్ పాఠాలు చెప్పింది. నేను రిటైరైన తరువాత ఆమె మడికొండలో ఒక కంపెనీలో చేరి వెబ్‌సైట్లు తయారు చేసే పని నేర్చుకుంది. రోజూ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చి వెళ్లేది. బడిలో ఉన్నప్పుడు సుద్దముక్క అరిగి గోరంత అయ్యేదాకా పారేసేది కాదు. పిల్లల్ని కొట్టేది కాదు. తప్పు చేసిన పిల్లవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "ఇప్పుడు దీన్నెట్ల వాపస్ తెస్తవో చూపియ్యి" అనేది. అది మెతకదనమని నేను ఒకసారి ఆమె సర్వీసు పుస్తకంలో రాశాను. ఆమె చదివి సంతకం పెట్టింది.

మా సంఘం సమాధుల తోట రిజిస్టర్లు చాలా పాతవి. రెండింటికి చెద పట్టింది. ఎవరు ఎక్కడ నిద్రిస్తున్నారో వాళ్ల పిల్లలకు, మనవలకు తెలియాలంటే ప్రతి సమాధికీ ఒక పేజీతో వెబ్‌సైటు పెట్టాలని కమిటీ తీర్మానించింది. రిజిస్టర్లు నా దగ్గర ఉంటాయి కనుక బాధ్యత నాకు అప్పగించారు. నేను టీచరమ్మను పిలిచాను. అన్నిటికన్నా మంచి సాఫ్ట్‌వేర్ ఏదో చెప్పమన్నాను.

పేరు చెబుతుందనుకున్నాను. ఆమె మూడు ప్రశ్నలు అడిగింది. "ఐదేండ్లకు ఎన్ని పేజీలైతయి మేడం? నేను లేకుంటె ఎవరు దిద్దుతరు? రేపు ఈ సాఫ్ట్‌వేర్ వద్దనుకుంటె, మనం రాసింది మన చేతికిస్తదా?" ఇవి తేలకుండా పేరు చెప్పడం మనిషిని చూడకుండా జాకెట్టు కుట్టడమే అంది.

ఆమె దృష్టిలో సాఫ్ట్‌వేర్లు రెండు రకాలు. ఒక రకంలో పేజీ ఎలా కనిపించాలో అలాగే తెర మీద పేర్చుకోవచ్చు. బొమ్మ ఇక్కడ, పేరు అక్కడ, చుట్టూ అంచు. పది పేజీలకు దానంత సుఖం లేదు. రెండో రకంలో పేజీలు ఉండవు. వివరాలన్నీ ఒకచోట ఉంటాయి, పేజీ అచ్చు ఒక్కటే ఉంటుంది. "మన ప్రోగ్రెస్ కార్డు లెక్క మేడం. కార్డు ఒక్కటే కొట్టిస్తం. మార్కులు రిజిస్టర్ల ఉంటయి. కార్డు మీద బడి పేరు మారితె పిల్లలందరి మార్కులు మళ్ల రాస్తమా? ఒక్కచోట రాస్తె చాలు, అన్ని చోట్ల అదే కనవడ్తది."

నాకు అర్థమైంది. అయినా వినలేదు. కారణం ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. మా మనవరాలు తన పెళ్లి పిలుపు పేజీని మొదటి రకం సాఫ్ట్‌వేర్‌తో ఒక్క సాయంత్రంలో తయారు చేసింది. చాలా అందంగా ఉంది. దాన్ని కమిటీకి చూపించాను. అంతే, పెద్దలందరూ తమ తమ కుటుంబాల గురించి అడగడం మొదలుపెట్టారు. ఒకరికి లిల్లీ పూలు కావాలి, ఒకరికి బంగారు అంచు, ఒకరికి తండ్రి ఫోటో వెనక నీలి ఆకాశం. ఒకే అచ్చు అంటే మావాళ్లూ అందరిలాంటి వాళ్లేనా అన్నారు. ఆమె గది చివర కుర్చీలో కూర్చుని ఉంది. "సమాధులల్ల కూడ పోటీయేనా అయ్యా?" అంది. ఎవరూ నవ్వలేదు. ఓటు పెట్టాను. నా ఓటు కూడా లిల్లీ పూలకే.

ఆమె అలాగే చేసింది. పదకొండు వందల నలభై ఆరు పేజీలు, ఒక్కొక్కటీ చేత్తో.

తరువాతి ఏడాది తోటలో కొత్త దారి వేశారు. వరుసల నంబర్లు మారాయి. వెబ్‌సైటులో పాత నంబర్లే ఉన్నాయి. మార్చాలంటే ప్రతి పేజీనీ విడిగా తెరిచి మార్చాలి. వచ్చే నెల చూద్దామని కమిటీ, ఆ తరువాతి నెల చూద్దామని నేను.

ఆ మధ్యలో రఘునాథపల్లి నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. చిన్నప్పుడే తల్లి చనిపోతే చుట్టాలు తీసుకెళ్లి పెంచారట. మనవడు ఆ వెబ్‌సైటులో ఆమె పేరు కనిపెట్టి, వరుస, నంబరు ఫోన్‌లో పెట్టి పంపాడు. ఆయన ఆ నంబరు దగ్గర మోకరించి, కొవ్వొత్తులు వెలిగించి, గంటసేపు ప్రార్థన చేశాడు. లేచాక రాయి మీది మట్టి తుడిచి చదివితే అది వేరేవాళ్ల సమాధి. నేనూ టీచరమ్మా అక్కడే ఉన్నాం. ఆయన కోపపడలేదు. "మరి మా అమ్మ యాడున్నట్టు, బిడ్డా?" అని ఆమెను అడిగాడు. నన్ను కాదు. ఆమె ఆయన చేయి పట్టుకుని మూడు వరుసల అవతలికి తీసుకెళ్లింది. కొవ్వొత్తులు అయిపోయాయి. ఆయన వట్టి చేతులతో నిలబడ్డాడు.

గేటు దాకా వచ్చాక ఆమె, "మేడం, రెండో దాంట్లకు మార్చేస్త," అంది. నా ఓటు సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

మార్చడానికి కూర్చున్నాక ఆమె మూడో ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ అందమైన సాఫ్ట్‌వేర్ మేము రాసింది మా చేతికి ఇవ్వలేదు. పేజీ పేజీ తెరిచి, ఒక్కొక్క మాటా కొత్తదానిలో మళ్లీ ఎక్కించాలి. ఇంకొకరిని తోడు పెడతానన్నాను. "ఇద్దరు రాస్తె రెండు తీర్ల తప్పులొస్తయి. నా తప్పులైతె నాకు ఎరికే," అంది. ఆమె ఎక్కించాలి, నేను రిజిస్టరుతో సరిచూసి ప్రతి పేరు ఎదుట పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. అలా ఒప్పుకున్నాం.

ఆ పని కోసం మా ఇంటికి రావలసిన రోజుల్లో ఆమె రాకపోతే నా నోటుబుక్కులో "రాలేదు" అని రాసేదాన్ని. బడిలో ఉన్నప్పటి అలవాటు. ఒకసారి ఫోన్‌లో గట్టిగానే అడిగాను.

"జర పాణం బాగలేదు మేడం. రేపు పక్కా."

"రేపు అన్న మాట నా పుస్తకంలో తొమ్మిదిసార్లు ఉంది."

"పదోది గూడ రాస్కోండ్రి," అని నవ్వింది. ఆ నవ్వు దగ్గుతో ఆగింది. దుమ్మేమో అనుకున్నాను. పదోది రాసుకున్నాను.

ఆమెను మా తోటలోనే భూస్థాపన చేశాం. ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక ముగిసిన మర్నాడు ఆమె భర్త వచ్చి, ఆమె రాసిపెట్టిన కాగితం ఇచ్చారు. కొత్త వెబ్‌సైటును నేను ఒంటరిగా నడపడానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ నొక్కాలి, ఏది నొక్కకూడదు, తప్పు చేస్తే ఎలా వెనక్కి తేవాలి. అక్షరాలు పెద్దవిగా, నా కళ్లకు తగినట్టు రాసింది. తను లేకపోతే ఎవరు దిద్దుతారన్న రెండో ప్రశ్నకు జవాబు ఆమె నన్నే అనుకున్నదన్నమాట. జబ్బు సంగతి నాకు ఎందుకు చెప్పలేదని ఆయన్ని అడిగాను. "మీకు తెలిస్తె పని ఆపిచ్చేస్తరని భయపడ్డది, మేడం," అన్నారు.

ఏ పేజీని ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు రాశారో కొత్త సాఫ్ట్‌వేర్ తనంతట తానే గుర్తు పెట్టుకుంటుంది. ఆ జాబితా తెరిచి నా నోటుబుక్కు పక్కన పెట్టుకున్నాను. నేను "రాలేదు" అని రాసిన రోజులు పద్దెనిమిది. అందులో పదకొండు రోజులు ఆమె దవాఖాన మంచం మీద నుంచే పేజీలు ఎక్కించింది. ఆఖరి ముప్పై ఒకటి ఆమె పోవడానికి రెండు రోజుల ముందే వచ్చి ఉన్నాయి. నేను చూసుకోలేదు. ఫోన్‌లో ఆమె భర్తతో నేనన్న మొదటి మాట అబద్ధం.

పద్దెనిమిదింటినీ కొట్టేద్దామని కూర్చున్నాను. రాసింది చెరిపితే లెక్క లెక్క కాదని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పాను. కొట్టేయలేదు. పదకొండింటి పక్కన "వచ్చింది" అని ఎర్ర సిరాతో రాశాను.

తరువాత ఆమె కాగితం ముందు పెట్టుకుని కొత్త నమోదు తెరిచాను. పేరు. తండ్రి పేరు. ఊరు. వరుస. నంబరు. పూలూ అంచులూ పెట్టడానికి అందులో చోటు లేదు. చివర "నమోదు చేసినవారు" అన్న గడి ఉంది. అంతకుముందున్న పేజీలన్నిటిలోనూ ఆ గడిలో ఆమె పేరే. ఇందులో నా పేరు రాసి, ఆమె చెప్పినచోట నొక్కాను.

ఊళ్ల జాబితా తెరిచాను. స్టేషన్ ఘన్‌పూర్ కింద ఆమె పేరు ఉంది. సంవత్సరాల జాబితాలో ఉంది. వరుసల జాబితాలో, పదహారో వరుస చివర, అక్కడా ఉంది. నేను రాసింది ఒక్కచోటే.

సరిచూడటానికి రిజిస్టరు తీశాను. తరువాత నేను సరిచూసిన ఆఖరి ముప్పై ఒకటితో సహా, ఆమె ఎక్కించిన పేర్లన్నిటి ఎదుటా టిక్కులున్నాయి. ఆమె పేరు దగ్గర పెన్సిలు ఆనించాను. వరుస సరిగానే ఉంది, నంబరూ సరిగానే ఉంది. టిక్కు మాత్రం పెట్టలేదు. పెన్సిలు ఇంకా ఆ రిజిస్టరు మడతలోనే ఉంది.